అర్బన్ బ్యాంకుపై ఆంక్షలు: నాన్న డిపాజిట్లు, నా బంగారం, నా ప్రింటింగు బిల్లు. ఏది ఎంత వస్తుంది?

ప్రశ్న: ఆఫ్‌సెట్ ప్రెస్సు

అందరికీ నమస్కారం. ఊరి పేరూ బ్యాంకు పేరూ రాయడం లేదు. ఆ బ్యాంకు షట్టర్ ఇప్పటికీ రోజూ పదింటికి లేస్తోంది. కౌంటర్లో కూర్చునే నలుగురూ మా వీధివాళ్లే. పాపం, వచ్చే నెల జీతాలు వస్తాయో రావో వాళ్లకే తెలియదు. కృష్ణా జిల్లాలో ఒక మున్సిపల్ పట్టణం, మా తాతల కాలం నాటి అర్బన్ బ్యాంకు, అంటే పట్టణ సహకార బ్యాంకు అనుకోండి, చాలు.

గత శుక్రవారం సాయంత్రం పెళ్లిపత్రికల పని మీద ఉండగా నాన్న ప్రెస్సుకు వచ్చారు. ఆయన ఎప్పుడూ ఆ వేళకు రారు, ఆ వేళ ఆయన వార్తలు చూసే సమయం. మిషన్ ఆపమని చేత్తో సైగ చేసి, "మన బ్యాంకు మీద రిజర్వు బ్యాంకు ఆంక్షలు పెట్టిందట. ఒక్కొక్కరికి పదివేలేనట" అన్నారు. నేను నవ్వాను. పుకారనుకున్నాను. శనివారం ఉదయం ఎనిమిదింటికే బ్యాంకు ముందు రెండు వందల మంది ఉన్నారు. గోడకు అంటించిన కాగితం ముందు నిలబడి ఒక రిటైర్డు మాస్టారు అందరికీ చదివి వినిపిస్తున్నారు, శవం ముందు నిలబడినట్టు.

మా నాన్న ఆర్టీసీలో కండక్టరుగా చేసి 2014లో రిటైరయ్యారు. పింఛను నెలకు నాలుగు వేలు కూడా దాటదు. చేతికి వచ్చిన డబ్బంతా ఈ బ్యాంకులోనే వేశారు. పెద్ద బ్యాంకుల కన్నా ముప్పావు శాతం వడ్డీ ఎక్కువ, అది ఒక కారణం. రెండో కారణం, అక్కడికి వెళితే కుర్చీ వేసి కూర్చోబెట్టి "కండక్టరు గారూ" అని పిలిచేవారు. పెద్ద బ్యాంకులో టోకెన్ ఇచ్చి నిలబెడతారు. ముప్పై ఏళ్లు బస్సులో నిలబడిన మనిషికి ఆ కుర్చీ ఎంత విలువైనదో నాకు తెలుసు, కాబట్టి ఆయన్ని ఏమీ అనలేదు.

ఇప్పుడు లెక్క. నాన్న ఒక్కరి పేరు మీద 4,60,000 ఫిక్స్‌డ్ డిపాజిట్, సేవింగ్సులో 38,000. డిపాజిట్ మీద ఇంకా ఖాతాలో పడని వడ్డీ 27,000 దాకా ఉంటుంది. నాన్న, అమ్మ ఇద్దరి పేర్లతో 3,00,000 వేరే డిపాజిట్. అమ్మ సేవింగ్సులో 41,000. నాన్నకు పదివేల విలువైన షేర్లు కూడా ఉన్నాయి. ఇక నా సంగతి: ప్రెస్సు పేరు మీద కరెంటు ఖాతాలో 84,000, నా సేవింగ్సులో 12,000. అదే బ్యాంకులో నా భార్య గాజులూ గొలుసూ తాకట్టు పెట్టి తెచ్చిన రుణం 1,60,000 ఉంది, కాగితం కొనడానికి తీసుకున్నాను.

ఇంకో విషయం చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ చెబుతాను. ఆ బ్యాంకుకు పాసుబుక్కులు, ఓచర్లు, క్యాలెండర్లు, సర్వసభ్య సమావేశం నోటీసులు, వార్షిక నివేదిక అన్నీ పన్నెండేళ్లుగా అచ్చు వేస్తున్నది నేనే. ఆ పద్దు కింద నాకు 31,400 రావాలి.

బీమా ఐదు లక్షలు అంటున్నారు, నిజంగా ఇస్తారా? ఎప్పుడు? లైసెన్సు రద్దయితే అంతా పోయినట్టేనా? నాన్న మూడు రోజులుగా అన్నం సరిగా తినడం లేదు. తెలిసినవారు ఎవరైనా వివరంగా చెప్పండి.

జవాబు: పాత బస్టాండు

అన్నా, ఆలస్యం చేయకండి. మేనేజరు తెలిసినవాడే కదా. నాన్నగారి డిపాజిట్ సోమవారమే రద్దు చేయించి సగం మీ పేరుకో మీ ఆవిడ పేరుకో మార్పించండి. అవసరమైతే పాత తేదీ వేయించండి. మనిషికి ఐదు లక్షలు కాబట్టి ఎంతమంది పేర్ల మీద ఉంటే అంత లాభం. బంగారం రుణం మాత్రం ఒక్క రూపాయి కట్టకండి. వాళ్లు మనకు ఇవ్వనప్పుడు మనం ఎందుకు కట్టాలి?

జవాబు: విశ్రాంత ఆడిటరు

పై సలహా దయచేసి పాటించకండి. సహకార శాఖలో ఆడిటరుగా ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఇలాంటి బ్యాంకులు మూడింటి లెక్కలు స్వయంగా చూశాను. పాత తేదీ వేయడం నేరం. పైగా ఇప్పుడు దాదాపు అన్ని అర్బన్ బ్యాంకుల్లోనూ కంప్యూటర్ లెక్కలే. ఏ ఎంట్రీ ఏ రోజు ఏ నిమిషానికి పడిందో అందులో ఉంటుంది. పాపం ఆ మేనేజరును జైలుకు పంపి మీరు సాధించేది ఏమీ లేదు. బీమా లెక్కకు ఆంక్షలు అమల్లోకి వచ్చిన రోజు ఎవరి పేరు మీద ఎంత ఉందన్నదే ప్రమాణం. ఆ తర్వాత డిపాజిట్ ముక్కలు చేసినా చెల్లదు.

ఇక ప్రెస్సు వారికి. ముందు మీ నాన్నగారిని కూర్చోబెట్టి ఒక మాట చెప్పండి: ఆంక్షలు వేరు, లైసెన్సు రద్దు వేరు. ఇప్పుడు జరిగింది బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలోని 35ఎ సెక్షన్ కింద ఇచ్చిన ఆదేశం. రిజర్వు బ్యాంకు అనుమతి లేకుండా కొత్త అప్పులు ఇవ్వకూడదు, కొత్త డిపాజిట్లు తీసుకోకూడదు, ఆస్తులు అమ్మకూడదు, పరిమితికి మించి ఎవరికీ చెల్లించకూడదు. సాధారణంగా ఆరు నెలలకు ఇస్తారు, తర్వాత పొడిగిస్తూ పోతారు. దీన్ని లైసెన్సు రద్దుగా భావించరాదని ఆ కాగితం చివర్లో ఒక వాక్యం ఉంటుంది, గోడ దగ్గర మాస్టారు అక్కడిదాకా చదివారో లేదో. ఆ పదివేలు మాత్రం నెలకు పదివేలు కాదు. ఒక మనిషికి ఉన్న అన్ని ఖాతాలూ కలిపి మొత్తం మీద పదివేలు. చాలామంది వచ్చే నెల మళ్లీ వచ్చి గొడవపడతారు, అందుకే చెబుతున్నాను.

ఈ పరిమితికి ఒక లెక్కంటూ ఉండదు. బ్యాంకు చేతిలో నగదు ఎంత మిగిలిందన్న దాన్ని బట్టి ఉంటుంది. 2023 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా ఉరవకొండ టౌన్ బ్యాంకుకు ఐదు వేలే అన్నారు. 2019 సెప్టెంబరులో ముంబైలోని పీఎంసీ బ్యాంకుకు మొదట వెయ్యి రూపాయలు పెట్టారు. మూడు రోజులకు పదివేలు, తర్వాత పాతిక, నలభై, యాభై వేలు, 2020 జూన్‌కు లక్ష. ఆ బ్యాంకు ఇచ్చిన అప్పుల్లో 70 శాతానికి పైగా ఒకే ఒక్క నిర్మాణ సంస్థ గుంపుకు వెళ్లాయి. అంతకు ముందు దాకా అది చూడ్డానికి నిగనిగలాడే బ్యాంకే.

బీమా సంగతి. డిపాజిట్లకు బీమా ఇచ్చేది డీఐసీజీసీ, రిజర్వు బ్యాంకుకు చెందిన సంస్థ. పరిమితి 1993 నుంచి లక్ష రూపాయలే ఉండేది, 2020 ఫిబ్రవరి 4 నుంచి ఐదు లక్షలు అయింది. దీనికి ప్రీమియం కట్టేది బ్యాంకు. మీ నాన్నగారు దరఖాస్తు చేసి కొనుక్కున్న బీమా కాదు కాబట్టి ఆయన దగ్గర దాని కాగితం ఏదీ ఉండదు, ఉండనవసరం లేదు.

పాత చట్టంలో ఒక పెద్ద లోపం ఉండేది. ఆంక్షలు ఎన్నేళ్లు నడిచినా బ్యాంకు లైసెన్సు రద్దయ్యేదాకానో విలీనం అయ్యేదాకానో బీమా డబ్బు కదిలేది కాదు. పుణెలో రూపీ బ్యాంకు మీద 2013 ఫిబ్రవరిలో ఆంక్షలు పడితే లైసెన్సు 2022లో రద్దయింది. పెద్దవాళ్లు కొందరు ఆ లోపే కాలం చేశారు. 2021లో చట్టం సవరించారు, ఆ సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. ఇప్పుడు ఆంక్షలు మొదలైన 45 రోజుల్లో బ్యాంకు డిపాజిటర్ల జాబితా పంపాలి. తర్వాత 30 రోజుల్లో డీఐసీజీసీ సరిచూడాలి. ఆపై 15 రోజుల్లో చెల్లించాలి. మొత్తం 90 రోజులు. ఈ లోపు వేరే బ్యాంకులో విలీనం చేసే ఆలోచన ఉందని రిజర్వు బ్యాంకు అనుకుంటే మరో 90 రోజులు ఆగవచ్చు.

మీరు చేయవలసిన పని ఒకటే. డబ్బు తీసుకోవడానికి సమ్మతిస్తున్నామని ఒక పత్రం, గుర్తింపు కాగితాలు, వేరే బ్యాంకులోని ఖాతా వివరాలు ఇవ్వాలి. ఇవ్వనివారి పేరు జాబితాలో సరిగా చేరదు. గడువు చివరి రోజు దాకా ఆగకండి. ఇచ్చిన ప్రతి కాగితానికీ ముద్ర వేసిన నకలు తీసుకోండి.

ఇప్పుడు మీ ఇంటి లెక్క చేద్దాం. నాన్నగారి ఒక్కరి పేరు మీద ఉన్నవి, డిపాజిట్, సేవింగ్సు, ఆ రోజు దాకా వడ్డీ, అన్నీ కలిపి 5,25,000. అందులో ఐదు లక్షలు వస్తాయి. 25,000 మిగిలిపోతుంది. వడ్డీ విడిగా వస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు, అసలూ వడ్డీ కలిపే ఐదు లక్షలు. శాఖలు వేరైనా కలిపేస్తారు. ఉమ్మడి డిపాజిట్ మూడు లక్షలు వేరే లెక్క, పూర్తిగా వస్తుంది. ఉమ్మడి ఖాతాల్లో పేర్ల వరుస మారినా వేరే లెక్కే, తెలుసా? "నాన్న, అమ్మ" ఒకటి, "అమ్మ, నాన్న" ఇంకొకటి. ఇది ముందే తెలిసినవారు వాడుకుంటారు, మిగతావారికి ఇలాంటి రోజు వచ్చాక తెలుస్తుంది. అమ్మగారి 41,000 పూర్తిగా వస్తుంది. పదివేల షేర్లకు బీమా లేదు. షేరు అంటే మీ నాన్నగారు ఆ బ్యాంకుకు యజమానుల్లో ఒకరు. యజమానికి చివరగా ఏమైనా మిగిలితేనే.

మీ విషయం కొంచెం చేదు. ప్రెస్సుకు మీరొక్కరే యజమాని అయితే ఆ కరెంటు ఖాతా, మీ సేవింగ్సు రెండూ ఒకే మనిషివి. కలిపి 96,000. మీరు బ్యాంకుకు 1,60,000 బాకీ. బీమా సంస్థ డిపాజిట్లోంచి బాకీ తీసేసి మిగిలినదే ఇస్తుంది. మీకు మిగిలేది ఏమీ లేదు. అయితే ఆ 96,000 ఎక్కడికీ పోదు, మీ అప్పులో జమ అవుతుంది. మిగతా 64,000, వడ్డీ కట్టేసి బంగారం విడిపించుకోవచ్చు. ఆంక్షల్లో ఉన్నా బ్యాంకు అప్పులు వసూలు చేసుకుంటుంది, కట్టకపోతే వడ్డీ పెరుగుతుంది, చివరకు నగలు వేలానికి వెళతాయి. మీ అప్పుకు నాన్నగారు హామీ సంతకం చేయలేదు కదా? చేసి ఉంటే చెప్పండి, లెక్క మారుతుంది.

31,400 బిల్లు డిపాజిట్ కాదు. అది బ్యాంకు నుంచి బాకీ రావలసిన మామూలు వాళ్ల వరుసలోకి వెళుతుంది. దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఒకటి అడగనా? వార్షిక నివేదిక మీరే అచ్చు వేశారు కదా. గత మూడేళ్లవి మీ దగ్గర మిగిలి ఉంటాయి. ఒకసారి తెరిచి నికర మొండి బకాయిల శాతం (ఇచ్చిన అప్పుల్లో, కేటాయింపులు పోను, తిరిగి రానివి ఎంత), మూలధన నిష్పత్తి (అప్పులతో పోలిస్తే బ్యాంకు సొంత సొమ్ము ఎంత), ఆడిట్ వర్గీకరణ (ఆడిటరు బ్యాంకుకు ఇచ్చే గ్రేడు) అనే మూడు వరుసలు చూడండి.

జవాబు: మలక్‌పేట

2001లో హైదరాబాదులో ఒక అర్బన్ బ్యాంకు మూతపడినప్పుడు మా అక్క పెళ్లి డబ్బు అందులో ఉంది. కృషి, చార్మినార్, ప్రుడెన్షియల్ అంటూ ఆ రెండేళ్లు పత్రికల్లో రోజుకో పేరు వచ్చేది. అప్పుడు బీమా లక్షే. ఆ లక్ష వచ్చేసరికి అక్కకు పెళ్లయి, కొడుకు పుట్టి, వాడికి అన్నప్రాశన కూడా అయిపోయింది. లక్షకు మించినది నేటికీ రాలేదు. నేను ఎవరినీ భయపెట్టడానికి రాయడం లేదు. తొంభై రోజులు అంటే మాకు నమ్మబుద్ధి కావడం లేదు, అంతే.

జవాబు: ఆఫ్‌సెట్ ప్రెస్సు

ఆడిటరు గారూ, మీ జవాబు నాన్నకు రెండుసార్లు చదివి వినిపించాను. హామీ సంతకం లేదు. రాత్రి రెండు ఇడ్లీలు తిన్నారు. అమ్మ మీకు నమస్కారం చెప్పమంది.

నివేదికలు తీశాను. గోడౌనులో కట్టలు కట్టి ఉన్నాయి, ఒక్కో ఏడాదివి ఇరవై, ముప్పై కాపీలు ఎక్కువే వేస్తాం. చదివాక ఏం రాయాలో తోచలేదు. మూడేళ్ల క్రితం నికర మొండి బకాయిలు 5.1 శాతం, మరుసటి ఏడాది 9.4, పోయిన ఏడాది 14. మూలధన నిష్పత్తి పోయిన ఏడాది 3 శాతం చిల్లర. ఆడిట్ వర్గీకరణ మొదట 'బి', తర్వాత 'సి', పోయిన ఏడాది 'డి'. డివిడెండు దగ్గర "ప్రతిపాదించలేదు" అని ఒక్క ముక్క. మొదటి పేజీలో అధ్యక్షుల వారి సందేశం మాత్రం "మన బ్యాంకు దినదిన ప్రవర్ధమానమగుచున్నది" అని మూడేళ్లూ అదే వాక్యం. ఆ వాక్యం నేను ఒకసారి టైపు చేయించి, తర్వాత రెండేళ్లూ పాత ఫైలే వాడాను.

నేను ఆ పేజీలన్నీ ప్రూఫు చూశాను. అచ్చుతప్పులు లేకుండా చూశాను. పట్టికల్లో దశాంశ బిందువులు ఒకదాని కింద ఒకటి నిలబడేలా ఒక రాత్రంతా సరిచేశాను. 14 అన్న అంకె వరుస తప్పి కొంచెం పక్కకు జరిగితే లాగి నిలబెట్టింది నేనే. అది ఏ అంకె అని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. మా నాన్న డబ్బు ఆ అంకె కింద ఉంది.

జవాబు: విశ్రాంత ఆడిటరు

మీరొక్కరే కాదు. సర్వసభ్య సమావేశంలో ఆ పుస్తకం చేతికిస్తే దాంతో విసురుకునేవాళ్లనే నేను ఎక్కువ చూశాను. స్వీటు పొట్లం, స్టీలు గ్లాసు తీసుకుని వెళ్లిపోతారు.

అయినా వివరం చెబుతాను, ఇంకెవరికైనా పనికొస్తుంది. నికర మొండి బకాయిలు 6 శాతం దాటినా, మూలధన నిష్పత్తి 9 కన్నా తగ్గినా, వరుసగా రెండేళ్లు నష్టం వచ్చినా రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకును ప్రత్యేక పర్యవేక్షణలోకి తీసుకునేది. డివిడెండు ఆపేది, పెద్ద అప్పులు ఇవ్వనిచ్చేది కాదు. 2025 ఏప్రిల్ నుంచి పెద్ద అర్బన్ బ్యాంకులకు ఈ పద్ధతి మార్చారు. మీ బ్యాంకు 9.4 దగ్గరే గీత దాటింది. అంటే ఆంక్షలు ఒక శుక్రవారం సాయంత్రం ఊడిపడలేదు, రెండేళ్లుగా మెట్లు ఎక్కుతూ వచ్చాయి. ఆ చప్పుడు వినిపించే చోటు ఆ పుస్తకం ఒక్కటే.

అప్పులు ఎవరికి వెళ్లాయో మీ ఊళ్లో అడిగితే తెలుస్తుంది. నేను చూసిన మూడింట్లోనూ కథ ఒక్కటే. పాలకవర్గంలోని వారి బావమరదుల పేర్ల మీద, ఎకరం విలువను మూడింతలు చేసి రాసిన తాకట్టు. మీ బ్యాంకులోనూ అలాగే జరిగిందని అనడం లేదు.

జవాబు: పాత బస్టాండు

నా సలహా తప్పే. ఒప్పుకుంటున్నాను. ఇంతకీ ఒక సందేహం. మా వీధిలో ఒక పొదుపు సహకార సంఘం ఉంది, బోర్డు మీద బ్యాంకులాగే రాసుకుంటారు, పాసుబుక్కు కూడా ఇస్తారు. నావి రెండు లక్షలు ఉన్నాయి. దానికి కూడా ఐదు లక్షల బీమా ఉన్నట్టేనా?

జవాబు: విశ్రాంత ఆడిటరు

లేదు. రిజర్వు బ్యాంకు లైసెన్సు ఉన్న బ్యాంకులకే ఆ బీమా. పొదుపు సంఘాలకు, పరస్పర సహాయ సంఘాలకు, ప్రాథమిక వ్యవసాయ సంఘాలకు వర్తించదు. డీఐసీజీసీ వెబ్‌సైటులో బీమా ఉన్న బ్యాంకుల జాబితా ఉంటుంది, అందులో పేరు వెతకండి. లేకపోతే ఆ రెండు లక్షల మీద మీరే నిర్ణయం తీసుకోండి, నన్ను అడగకండి.

జవాబు: ఆఫ్‌సెట్ ప్రెస్సు (నాలుగు నెలల తర్వాత)

ఇక్కడ సగంలో వదిలేసి వెళ్లానని కొందరు వ్యక్తిగత సందేశాలు పంపారు. క్షమించండి. జరిగింది రాస్తాను, వరుసలో ఉన్నవారికి పనికి రావచ్చు.

సమ్మతి పత్రాలు నాలుగో వారంలో ఇచ్చారు. మొదటి రోజే వెళ్లాం. నాన్న పత్రం వెనక్కి వచ్చింది. పాసుబుక్కులో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, పాన్ కార్డులో ఇంటిపేరు చివర. మూడు చోట్ల ముగ్గురు మనుషులు. ఆ పాసుబుక్కు అట్ట మీద పేరు రాసే గీత పొడుగు తగ్గించమని చెప్పింది నేనే, కాగితం కలిసొస్తుందని. పూర్తి పేరు పట్టదు కాబట్టి క్లర్కు పొడి అక్షరం రాశాడు. నోటరీ దగ్గర ముగ్గురూ ఒకరే అని అఫిడవిట్ రాయించి ఇచ్చాం. ఉమ్మడి డిపాజిట్‌కు ఇద్దరి పేర్లతో ఉన్న ఖాతా కావాలన్నారు. వేరే బ్యాంకులో అమ్మను తీసుకెళ్లి కొత్తగా తెరిపించాం. అమ్మ సంతకం 1998 నాటి నమూనాతో కలవలేదు. అప్పుడు ఆమె సంతకం గుండ్రంగా ఉండేది, ఇప్పుడు చేయి వణుకుతుంది. కౌంటర్లోని అమ్మాయే లేచి వచ్చి, పక్కన కూర్చుని, నాలుగుసార్లు రాయించి, ఒకటి తీసుకుంది. ఆ అమ్మాయికి అప్పటికి రెండు నెలలుగా సగం జీతమే వస్తోందట.

ఈ మధ్యలో ఒకాయన ఊళ్లో తిరిగాడు. డిపాజిట్ బాండు మీద సంతకం చేసి ఇస్తే నూటికి డెబ్బై చొప్పున అప్పటికప్పుడు నగదు ఇస్తానన్నాడు. మా వీధి చివర కిరాణా కొట్టాయన కూతురి కాలేజీ ఫీజు కోసం రెండు లక్షల బాండు ఇచ్చేశాడు. నెల ఆగి ఉంటే రెండు లక్షలూ వచ్చేవి. ఇప్పుడు ఆ సంగతి ఎత్తితే లోపలికి వెళ్లిపోతాడు.

తొంభై మూడో రోజున నాన్న ఫోనుకు సందేశం వచ్చింది. ఐదు లక్షలు. మలక్‌పేట గారూ, నిజంగానే వచ్చాయి. ఉమ్మడి డిపాజిట్, అమ్మ డబ్బు మూడు రోజుల తేడాతో వచ్చాయి. నాన్న పాసుబుక్కు ముద్రించుకుని వచ్చి ఆ పేజీ నాకు చూపించలేదు, దేవుడి పటం ముందు పెట్టారు. మరునాడు నన్ను అడిగారు, ఈ కొత్త బ్యాంకు వార్షిక నివేదిక ఎక్కడ దొరుకుతుందని.

నా 96,000 అప్పులో జమ చేశారు. మిగతాది కట్టి బంగారం విడిపించాను. దానికి మా బావమరిది దగ్గర చేబదులు తీసుకోవలసి వచ్చింది.

జవాబు: విశ్రాంత ఆడిటరు

సంతోషం. మిగిలిన 25,000కు సంబంధించి అసలు బాండు ఎవరికీ ఇవ్వకండి. ఇవ్వవలసి వస్తే రసీదు లేకుండా ఇవ్వకండి. లైసెన్సు రద్దు వార్త వస్తే కంగారు పడకండి. అప్పటికి చాలామందికి డబ్బు అందే ఉంటుంది. 2024 నవంబరులో విజయవాడ దుర్గా అర్బన్ బ్యాంకు లైసెన్సు రద్దయింది. ఆ రోజు రిజర్వు బ్యాంకు చెప్పిన లెక్క ప్రకారం 95.8 శాతం డిపాజిటర్లకు పూర్తి డబ్బు బీమా పరిధిలోకే వస్తుంది. నొప్పి మిగిలేది ఆ పైన ఉన్న కొద్దిమందికే, కానీ వాళ్లకు ఆ నొప్పి పూర్తిగా ఉంటుంది.

రద్దయిన సాయంత్రం నుంచే అది బ్యాంకు కాదు. డిపాజిట్లు తీసుకోవడం, తిరిగి ఇవ్వడం రెండూ ఆగిపోతాయి. సహకార సంఘాల రిజిస్ట్రార్ లిక్విడేటరును వేస్తారు. ఆయన అప్పులు వసూలు చేసి, భవనం అమ్మి, వచ్చిన దాంట్లో ముందు బీమా సంస్థ ఇచ్చింది తిరిగి కట్టి, ఆ తర్వాత మీ పాతికవేల దగ్గరికి వస్తారు. ఏళ్లు పట్టే పని. క్లెయిమ్ మాత్రం గడువులోగా వేసి ఉంచండి. మీ బిల్లుకు కూడా వేయండి, ఇన్వాయిసులు జతచేసి.

జవాబు: ఆఫ్‌సెట్ ప్రెస్సు (మరో పది నెలల తర్వాత)

పోయిన నెల లైసెన్సు రద్దు చేశారు. ఈసారి గోడ దగ్గర పాతికమంది కూడా లేరు. షట్టర్ సగం దించి ఉంది. బోర్డు మీద "బ్యాంకు" అన్న మాట మీద తెల్లరంగు కొట్టారు, కింద అక్షరాలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

నాన్న పాతికవేలకు, నా 31,400కు క్లెయిములు వేశాం. రెండింటికీ ముద్ర వేసిన నకళ్లు ఉన్నాయి, ఆడిటరు గారూ.

నిన్న లిక్విడేటరు కార్యాలయం నుంచి ఫోను. క్లెయిము ఫారాలు మూడు వేలు, రసీదు పుస్తకాలు యాభై అచ్చు వేయాలట, కొటేషన్ పంపమన్నారు. పాత డిజైన్లన్నీ మీ దగ్గరే ఉన్నాయి కదా అన్నారు. పంపాను. కింద ఒక గీత గీసి రాశాను: మొత్తం సొమ్ము ముందుగా, నగదు రూపంలో.